కొలను పక్కన వేడితొట్టి

ఆ వీధిలో సగంమంది పిల్లలకు ఈత నేర్పింది ఆమే. అందుకని ఎవరూ ఆమెను కళ్ళజోళ్ళ షాపాయన భార్య అనేవారు కాదు. ఆయన్నే ఈత టీచరమ్మగారి ఆయన అనేవారు. ఆ మాటకు ఆయన లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఆయనకు మాత్రం ఈత రాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె నేర్పబోతే భయపడి మెడ వాటేసుకుని ఇద్దర్నీ ముంచబోయాడు. "మీకు గట్టే మేలు" అని ఆమె ఒక కుర్చీ తెచ్చి పెరట్లో ఈతకొలను పక్కన వేసింది. అప్పటినుంచి పొద్దున్నే ఆమె ఈదుతూ ఉంటే ఆయన గట్టుమీద టీ తాగుతూ పేపరు చదివేవాడు. మధ్యమధ్య పేపరు దించి చూసేవాడు. ఆమె అవతలి గోడ తాకి, నీళ్ళలోనే బొంగరంలా తిరిగి మళ్ళీ ఇటు వచ్చేది.

ఆ కొలను కట్టింది ఆమె తమ్ముడు. పని నేర్చుకున్నాక అతను సొంతంగా కట్టిన మొదటి కొలను అదే. తరవాత హోటళ్ళకూ పెద్దపెద్ద ఇళ్ళకూ కట్టాడు. అయినా ఎవరు కొత్తగా పని ఇవ్వబోయినా "ముందు మా అక్క ఇంట్లో చూడండి" అని వెంటబెట్టుకుని వచ్చేవాడు.

"వచ్చాడమ్మా గోతుల కామందు" అనేవాడు బావ.

"నువ్వు మనుషుల కళ్ళు తెరిపిస్తావు, నేను నేల నోరు తెరిపిస్తాను. ఏదైనా తెరిపించడమేగా బావా" అనేవాడు తమ్ముడు. పక్కనున్న కొత్తవాళ్ళు నవ్వాలో మానాలో తెలియక నిలబడేవాళ్ళు.

ఒక ఏడాదిగా ఆమె కాళ్ళు బిగుసుకుపోతున్నాయి. మెట్టు ఎక్కబోతే కాలి బొటనవేలు అంచుకు తగిలి తూలిపోయేది. చేతిలో గిన్నె ఉంటే గిన్నె పోయేది. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, కీళ్ళ అరుగుదల మొదలైందన్నాడు. వేడి కాపడం పెడితే హాయిగా ఉంటుందన్నాడు. ఆమె పిల్లలకు ఈత నేర్పడం మానేసింది కానీ తను ఈదడం మానలేదు. నిచ్చెన దిగడానికే చాలాసేపు పట్టేది. ఒక్కసారి నీళ్ళలో పడిందంటే మాత్రం పాత మనిషే.

ఆయన కంటికి ఆ ఈత ఆనలేదు. బయటికి వచ్చాక ఆమె వణకడం, పెదవులు నల్లబడటం, తువ్వాలు కప్పుకుని గోడ పట్టుకుని నడవడం ఆనాయి. అన్నిటికీ ఆ చల్లనీళ్ళే కారణమని తేల్చుకున్నాడు. ఒకరోజు షాపులో కళ్ళజోడు ఫ్రేము ఎంచుకుంటూ ఒకాయన, వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులు హాట్ టబ్‌తో మంత్రం వేసినట్టు పోయాయని చెప్పాడు. ఫోనులో బొమ్మ కూడా చూపించాడు. కొలనుకు ఆనుకుని గుండ్రటి తొట్టి. అందులో పొగలు కక్కే నీళ్ళు అంచు మీంచి పల్చగా, పట్టుగుడ్డ జారినట్టు, కొలనులోకి జారుతున్నాయి. ఆయన ఆ బొమ్మ తన ఫోనుకు పంపించుకుని, ఆ రోజు షాపు తొందరగా కట్టేసి ఇంటికొచ్చాడు.

ఆదివారం ముగ్గురూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. తమ్ముడు బొమ్మ చూసి తల గోక్కున్నాడు.

"ఇలాంటిది కావాలంటే కొలను ఖాళీ చేసి గోడ కొయ్యాలి బావా. పైపులన్నీ కలపాలి. దానికంటే ఆ మూల విడిగా ఒకటి దింపేస్తాను, దాని మోటారు దానికే. కొలను జోలికి పోనక్కర్లేదు."

"విడిగా అంటే పశువుల తొట్టిలా ఉంటుందోయ్. మీ అక్క అందులోంచి ఇందులోకి, ఇందులోంచి అందులోకి మారుతూ ఉండాలి. నీళ్ళు అలా జారుతూ ఉండాలి. చేస్తే చక్కగా చెయ్యాలి."

"అసలు నాకు కావాలో వద్దో ఎవరన్నా అడుగుతారా?" అంది ఆమె. "ఉడకబెట్టడానికి నేనేమన్నా బంగాళాదుంపనా?"

"నీ కోసమే కదా."

"నా కోసమైతే నన్ను ఈదనివ్వండి."

"వారం, పది రోజులు ఓపిక పట్టక్కా. మళ్ళీ నింపేస్తాను" అన్నాడు తమ్ముడు. అతను నీళ్ళు నమలడం ఆమె చూసింది. బావ ముచ్చట కాదనలేకపోతున్నాడని కూడా ఆమెకు అర్థమైంది. ఆమె తమ్ముడి మొహమూ భర్త మొహమూ మార్చిమార్చి చూసి, "కానివ్వండి, ఇద్దరూ ఒకటయ్యాక నా మాటెవరు వింటారు" అని లేచింది. లేస్తున్నప్పుడు బల్ల పట్టుకుంది.

కొలను తోడేశారు. నీళ్ళు లేని కొలను ఎంత లోతుగా ఉంటుందో ఆయన మొదటిసారి చూశాడు. అడుగున నీలంరంగు పెంకులు వెలిసిపోయి, మూలల్లో పాచి పట్టి ఉంది. ఎప్పుడో పారేసుకున్న పిల్లల ఈత కళ్ళజోడు ఒకటి దొరికింది. పనివాళ్ళు గోడ అంచు కోశారు. పక్కన తొట్టి కోసం తవ్వారు. కోత మిషను మోతకు ఆమె తలుపులన్నీ వేసుకుని లోపలి గదిలో కూర్చునేది. సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక బయటికి వచ్చి, ఖాళీ కొలను అంచున కాళ్ళు వేలాడేసి కూర్చునేది.

అప్పుడు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. రెండురోజులు ఆగకుండా కురిసి, ఒక పూట తెరిపిచ్చి, మళ్ళీ మొదలైంది. పని ఆగిపోయింది. ఆ మర్నాడు ఆయన షాపులో ఒక ముసలాయన కంటికి అద్దాలు మార్చిమార్చి పెడుతూ, ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతుండగా ఇంటినుంచి ఫోన్ వచ్చింది.

"కొలను లేచింది" అంది భార్య.

"లేవడమేమిటి?"

"లేచిందండీ. నేలలోంచి పైకి వచ్చింది."

"కొలను ఎక్కడన్నా లేస్తుందా? నువ్వు పడుకుని లేచావా ఏమిటి?"

అవతలినుంచి ఆమె ఏడుపు వినబడింది. ఎంత నొప్పి వచ్చినా ఆమె ఏడవడం ఆయన వినలేదు. ముసలాయన ముక్కుమీద పరీక్ష ఫ్రేము అలాగే వదిలేసి ఆయన పరుగెత్తాడు.

నిజంగానే లేచింది. లోతువైపు గోడ నడుమెత్తు పైకి వచ్చి, కొలను మొత్తం ఒక పక్కకు ఒరిగింది. గట్టుమీది పలకలు పెంకుల్లా విరిగి చెల్లాచెదురయ్యాయి. నిచ్చెన వంకరపోయి ఆకాశంలోకి చూస్తోంది. అడుగున అటు కొసనుంచి ఇటు కొసదాకా చెయ్యి దూరేంత బీట.

తమ్ముడు వచ్చి వానలోనే నిలబడ్డాడు. గొడుగు పట్టబోతే వద్దన్నాడు.

"అడుగున ఒక మూత ఉంటుంది బావా. కొలను ఖాళీ చేశాక దాన్ని తెరవాలి. నేలలో ఊరిన నీళ్ళు ఆ దారిన లోపలికొస్తాయి. తెరవకపోతే ఖాళీ తొట్టి కదా, కింద నీళ్ళు చేరితే పడవలా తేలుతుంది." వంకరపోయిన నిచ్చెన వైపు చూశాడు. "ఎంతమంది ఇళ్ళలోనో తెరిచాను. ఇది మనదే కదా అని, తరవాత చూద్దాంలే అని..."

"బాగు చెయ్యొచ్చా?"

"పగలగొట్టి తీసేసి, మళ్ళీ మొదటినుంచీ కట్టడమే. అదీ ఈ నేల ఆరాక."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. ఆ మాట అనని వాళ్ళు ఇంట్లో ఆ ముగ్గురే.

తమ్ముడు ఆ ఇంటికి రావడం మానేశాడు. సరిగ్గా తినడం లేదనీ, ఒప్పుకున్న పనులు వదిలేస్తున్నాడనీ అతని భార్య ఫోన్ చేసి చెప్పింది. బావకు మాత్రం పట్టుదల పెరిగింది. కొలను ఎలాగూ పోయింది, కనీసం ఆ తొట్టి అన్నా పూర్తి చేద్దాం, కొంతైనా సుఖపడుతుంది అన్నాడు. ఈసారి ఆమె కాదనలేదు.

"వాణ్ణి పిలవండి. వాడి చేత్తోనే పెట్టించండి" అంది. "ఆ పనన్నా సవ్యంగా చేశానన్న తృప్తి వాడికి ఉండాలి."

మూలలో విడిగా, తయారుగా దొరికే తొట్టి ఒకటి దింపారు. తమ్ముడు ప్రతి పైపునూ రెండుసార్లు చూసుకున్నాడు. నీళ్ళు వేడెక్కిన రోజు ఎండ కాసింది. ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని ఆమెను దింపారు. నీళ్ళు బుడగలు కడుతూ గొంతుదాకా వచ్చాయి. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉందక్కా?"

"హాయిగా ఉందిరా. నిజంగానే హాయిగా ఉంది."

తమ్ముడు చాలారోజుల తరవాత నవ్వాడు. బావ ప్యాంటు మడిచి తనూ కాళ్ళు వేలాడేశాడు. "ఇదైతే నేను కూడా మునగనోయ్" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. కాసేపు ఆ పెరట్లో ఏమీ పాడవనట్టే ఉంది.

"మబ్బు పట్టిందా?" అంది ఆమె కళ్ళు తెరిచి.

మగవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎండ తొట్టి అంచుమీద మిలమిలలాడుతోంది.

"లేదే. ఎండగానే ఉంది."

"నాకు మసగ్గా ఉంది. మీరెక్కడున్నారు?" ఆమె చెయ్యి చాచబోయింది. చెయ్యి నీళ్ళలోంచి పైకి లేవలేదు. "ఏవండీ, నా కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు."

తల నీళ్ళలోకి జారిపోతుంటే తమ్ముడు బట్టలతోనే దూకి పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఈసారి నరాల డాక్టరు చూసింది. అప్పటికి ఆమెకు చూపు తిరిగి వచ్చింది, చేతులూ కదులుతున్నాయి. స్కాను తీశాక డాక్టరు భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టింది. అవి కీళ్ళు కావు, నరాలు. నరాల మీది పొర అక్కడక్కడ కొట్టుకుపోతోంది. వేడి తగిలితే అలాంటి నరాలు మళ్ళీ చల్లబడేదాకా పనిచేయడం మానేస్తాయి.

"ఇదివరకెప్పుడైనా ఒక కన్ను మసకబారిందా? రంగులు వెలిసినట్టు కనిపించాయా?"

ఆయన తల వంచుకున్నాడు. రెండేళ్ళ కిందట ఎడమకన్ను సరిగా కనిపించడం లేదని ఆమె అంది. ఆయనే షాపులో కూర్చోబెట్టి అద్దాలు మార్చాడు. కొన్ని వారాలకు చూపు దానంతట అదే బాగుపడితే, "చూశావా నా చెయ్యి" అని నవ్వాడు.

"నేనే చూశానండీ. కళ్ళజోడు మార్చాను" అన్నాడు.

డాక్టరు అది రాసుకుంది. "జబ్బు తగ్గేది కాదు. మందులతో కొంత ఆపగలం. వేడికి దూరంగా ఉండాలి. చల్లటి నీళ్ళలో ఈదడం ఇలాంటివాళ్ళకు చాలా మంచిది. ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉందని మీ కాగితంలో రాసుంది. అదృష్టవంతులు, రోజూ ఈదించండి."

ఆయన భార్య వైపు చూశాడు.

"ఉండేదండీ" అంది ఆమె.

ఊరికి అవతలి కొసన అందరూ వాడుకునే కొలను ఉంటే ఆయన అక్కడికి తీసుకెళ్ళాడు. అప్పటికి ఆమె కాళ్ళు నిలవడం లేదు, కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు నీళ్ళలోకి దింపాలి. దింపడానికి వచ్చిన వాళ్ళలో ఒకమ్మాయి చిన్నప్పుడు ఆమె దగ్గర ఈత నేర్చుకున్నదే. "టీచర్!" అని సంతోషంగా పలకరించి, సన్నబడి వేలాడుతున్న ఆమె చేతులు చూసి, ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది. అవతలి గోడదాకా ఆమె ఈదలేకపోయింది. మధ్యలోనే పట్టుకుని తీసుకొచ్చారు. ఇంటికొచ్చాక "ఇక వద్దండీ" అంది. మళ్ళీ ఎంత బతిమాలినా వెళ్ళలేదు.

కొత్త కొలను కడతానని తమ్ముడు పదేపదే అన్నాడు. నేల ఆరేసరికి ఆమె సొంతంగా కూర్చోలేకపోతోంది. కట్టినా దిగేదెవరు? అతను కొలనులు కట్టడమే మానుకుని పెంకుల దుకాణంలో పనికి చేరాడు. ఆదివారం వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. ఇద్దరూ చిన్నప్పటి సంగతులు మాట్లాడుకునేవారు. నీళ్ళ మాట మాత్రం రాకుండా చూసుకునేవారు. వేడితొట్టిని ఎవరో పట్టుకెళ్ళారు. కొలనును ముక్కలుచేసి, గోతిని మట్టితో పూడ్చారు.

ఎండాకాలం వచ్చింది. పగలు వేడెక్కేకొద్దీ ఆమె మాట ముద్దముద్దగా అయ్యేది. ఆయన షాపు ఒక పూటే తెరిచి, మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉండేవాడు. బకెట్లో ఐసు వేసి, గుడ్డలు తడిపి ఆమె కాళ్ళకూ చేతులకూ చుట్టేవాడు. ఒకరోజు అలా చుడుతూ, ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది అడిగేశాడు.

"నా మీద కోపంగా ఉందా?"

ఆమె పైకప్పు వైపు చూస్తూ ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అంది.

"కోపానికి కూడా ఓపిక కావాలి కదండీ."

ఆయన చేతికింద గుడ్డ అప్పుడే వెచ్చబడింది. దాన్ని విప్పి, మళ్ళీ తడపడానికి బకెట్ దగ్గరికి వంగాడు.