రుచి చూడడమైనది

ఢిల్లీశ్వరరావు ముప్పై ఒక్క ఏళ్ళు భోజనం రుచి చూసే ఉద్యోగం చేశాడు. అందులో ఎన్నిసార్లు నిజంగా రుచి చూశాడన్నది ఆయనకూ, రెండేళ్ళ కింద పోయిన ఆయన భార్య జ్యోతిరాణికీ తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

హౌరాలో గంగ ఒడ్డున ఒక జనపనార మిల్లు, దాని క్యాంటీన్‌కి ఆయన సూపర్‌వైజరు. రోజూ పదకొండున్నరకి, కార్మికులకి వడ్డించే ముందు, ఒక పళ్ళెంలో అన్నం, పప్పు, కూర, చేపముక్క పెట్టి ఆయన ముందుకు తెచ్చేవారు. ఆయన తిని, "రుచి చూడడమైనది, బాగున్నది" అని పుస్తకంలో రాసి సంతకం పెడితేనే గంట కొట్టాలి. పళ్ళెం తెచ్చిన నలుగురు వంటవాళ్ళూ చేతులు కట్టుకుని ఆయన నోటివైపే చూస్తూ నిలబడేవారు. ఆయనకు అదే పడేది కాదు. ఎవరైనా చూస్తుంటే ముద్ద గొంతు దిగేది కాదు. ఆ మాట ఎవరికని చెప్పుకుంటాడు? ముందు సంతకం పెట్టేసి, "మీరు పదండి, నేను తింటాను" అనేవాడు. వాళ్ళు అటు వెళ్ళగానే పళ్ళెం కాకులకి. ఆయన అదృష్టమో వంటవాళ్ళ మంచితనమో, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. రిటైరైన రోజు మెడలో దండ వేసి, ఇంత నమ్మకమైన నాలుక మళ్ళీ దొరకదన్నారు.

అలాంటి మనిషికి కూతురు సమీర తన కుక్కని అప్పజెప్పి, పన్నెండు రోజుల ట్రైనింగుకి పుణె బయల్దేరింది.

సమీరది ఐటీ ఉద్యోగం. గంగ అవతల న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆయన హౌరా పక్క సంత్రాగాఛిలో పాత అద్దె ఇంట్లోనే ఉండిపోయాడు. తల్లి పోయాక ఇద్దరి మధ్యా మిగిలింది ఫోను. "తిన్నావా నాన్నా?" "తిన్నాను. నువ్వో?" "తిన్నాను." చెరో సంతకమూ పడ్డాక పెట్టేసేవారు. న్యూ టౌన్ వచ్చెయ్యమని ఆమె రెండుసార్లు అడిగింది, ఆయన వద్దన్నాడు. మూడోసారి అడిగితే ఒప్పుకుందామని లోపల్లోపల సిద్ధమయ్యాడు. ఆమె అడగలేదు. కారణం లేకుండా కూతురింటికైనా వెళ్ళడం ఆయనకు చేతకాదు.

"దీని పేరు లుచీ," అంది సమీర గుమ్మంలో నిలబడి. పేరు సరిగ్గానే పెట్టింది. బెంగాలీవాళ్ళ మైదా పూరీలాగే తెల్లగా, గుండ్రంగా, పొంగినట్టుంది కుక్క. "నాలుగు కిలోల ఆరొందలుంది. నాలుగు కన్నా దిగకూడదని డాక్టర్ చెప్పాడు. భాత్ పెట్టకు, కూర పెట్టకు, ఓన్లీ డ్రై ఫుడ్. వింటన్నావా? తినకపోతే వెంటనే చెప్పెయ్, హాస్టల్‌కి పంపించేస్తాను."

"కుక్కకి హాస్టలేటే!"

"ఏసీ కూడా ఉంది నాన్నా. నీ ఇంట్లో లేదు."

ఏసీ మాట ఆయన్ని తాకలేదు. హాస్టల్ మాట తాకింది. రెండేళ్ళలో కూతురు ఆయన్ని అడిగిన మొదటి పని ఇది. ఇదీ చేతకాలేదంటే, ఇంక దేనికీ అడగదు.

సాయంత్రం ఆయన డెబ్భై గ్రాముల గింజలు తూచి గిన్నెలో పోశాడు. చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. కుక్క గిన్నెని చూసింది, ఆయన్ని చూసింది, మంచం కిందకి వెళ్ళి పడుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. క్యాంటీన్‌లో వాడిన కొక్కెం తక్కెడ అటక మీంచి దింపి, కుక్కని బియ్యం సంచిలో కూర్చోబెట్టి వేలాడదీశాడు. నాలుగు కిలోల నాలుగొందలు.

పక్కింటి అప్పమ్మ పిట్టగోడ మీంచి చూసింది. ఆమె పెనిమిటి రైల్వే యార్డులో కలాసీగా చేసి పోయాడు. సిక్కోలు వదిలి నలభై ఏళ్ళయినా ఆమె మాట అక్కడే ఉండిపోయింది.

"ఏటి బాబూ, కుక్కని సంచిలో ఎట్టి తూస్తన్నావు? అమ్మీడానికేటి?"

"తినట్లేదమ్మా."

"ఇంత ఎండుచేప అన్నంలో నలిపి పడీ. ఎందుకు తినదో సూద్దుం."

"డాక్టరు వద్దన్నాడు."

"మరి నువ్వు తింతన్నావా?"

"తినకేం?"

"ఎక్కడ తింతన్నావు? నీ ఇంట్ల కంచం సప్పుడు ఇని రెండేళ్ళయింది."

ఆయన తక్కెడ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పమ్మ అన్నది నిజమే. జ్యోతిరాణి పోయాక కంచం కడగడం ఎందుకని, పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు మింగేవాడు.

సరుకులోనే దోషమని ఆయన తేల్చుకున్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవం వేరే విధంగా ఆలోచించనివ్వలేదు. తినేవాడు తినలేదంటే తప్పు పదార్థానిది.

బజారులో పాల్‌బాబు కొట్టుంది. "ఏ జాతి దాదా?" అన్నాడు పాల్‌బాబు.

"చిన్నది. నాలుగేళ్ళది."

"అయితే చిన్న గింజ కావాలి. పెద్ద గింజ వీటి దవడకి నలగదు. ఇది కోడి, ఇది చేప, ఇది గొర్రె. ఇందులో గోధుమ లేదు, సున్నితమైన కడుపులకి."

ఢిల్లీశ్వరరావు కళ్ళజోడు మార్చి నాలుగు సంచుల వెనకా చదివాడు. దినుసుల్లో మొదట మాంసం రాశారా, పిండి రాశారా? కొవ్వెంత? తయారైన నెల ఏది? ఒక గింజ నలిపి వాసన చూశాడు. ఇంకో గింజ నీళ్ళలో వేయాలి, గ్లాసు ఇమ్మన్నాడు.

"దాదా, పెళ్ళిసంబంధం కూడా ఇన్ని ప్రశ్నలేసి చెయ్యలేదు నేను."

"ముప్పై ఏళ్ళు క్యాంటీన్ నడిపాను. నాకు చెప్పకు."

"ఓహో," అన్నాడు పాల్‌బాబు గౌరవంగా, "కుక్కల క్యాంటీనా?"

నాలుగు రకాలూ చిన్న ప్యాకెట్లు కొన్నాడు. ఒక్కోటీ వడ్డించి, చేతులు కట్టుకుని, ఇదివరకటి కన్నా శ్రద్ధగా చూశాడు. కుక్క మంచం కిందనుంచి రాలేదు. ఒక పూట విసుగొచ్చి గిన్నె పెట్టేసి స్టేషన్ దాకా నడిచొచ్చాడు. తిరిగొచ్చేసరికి గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. కుక్క మటుకు గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. తక్కెడ నాలుగు కిలోల నూటయాభై చూపించింది.

ఏడో రోజు మధ్యాహ్నం సమీర ఫోన్ చేసింది. "తింటోందా నాన్నా?"

"తింటోంది."

"పక్కా?"

"పక్కా. బాగుంది."

ఫోను పెట్టేసి ఆయన మంచం కిందకి వంగి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎంత తేలిగ్గా ఆ మాట రాశాడో, అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. తేడా ఒక్కటే. అప్పుడు కార్మికులందరూ తిన్నారు. ఇప్పుడు మంచం కింద ఒక ప్రాణి డొక్కలెండి పడుకుంది.

ఈసారి నిజంగా రుచి చూడాలి. ఇంకేం దారి లేదు. జ్యోతిరాణి కంచం తీసి, దుమ్ము కడిగి, నాలుగు రకాల గింజలూ నాలుగు వైపులా పోశాడు. చేపరకం కుక్క గిన్నెలో కూడా పోసి మంచం పక్కన పెట్టాడు. తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తనని చూడటానికి కుక్క తప్ప మరెవరూ లేకపోయినా, దాని ముందు తినడానికీ ఆయనకు సిగ్గుగానే ఉంది.

మొదటి గింజ పాత సైకిల్ కొట్టు వాసనలా ఉంది. నోట్లో వాసన తెలియడం ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. రెండోది ఎండుచేప పొట్లం కట్టిన కాగితం. మూడోది, గొర్రె, వేపుడు అడుగంటినట్టుంది, మరీ చెడ్డగా లేదు. న్యాయంగా ఉండాలని ఇంకోటి వేసుకుని నమిలాడు. కరకర.

వెనకనుంచి కూడా కరకర.

ఆయన నమలడం ఆపాడు. వెనక చప్పుడూ ఆగింది. మళ్ళీ నమిలాడు. మళ్ళీ కరకర. తల తిప్పి చూడాలని ప్రాణం లాగింది గానీ తిప్పలేదు. తిప్పితే ఆగిపోతుందని ఆయన మెదడు కన్నా ముందు గొంతుకు తెలుసు. చేతులు కట్టుకుని నిలబడ్డ నలుగురు వంటవాళ్ళూ గుర్తొచ్చారు. ఈ వారం రోజులూ తను ఐదోవాడిగా నిలబడ్డాడు. పోనీ ఎవరూ లేకుండా ఒక్కటే తింటుందా అంటే అదీ తినదు. ఎవరైనా పక్కన ఉండాలి, వాళ్ళ పాటికి వాళ్ళు తింటూ ఉండాలి. ఇంత పెంకితనం కుక్కకి ఎక్కడినుంచి వచ్చిందా అని ఆయన కాసేపు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆ రోజునుంచి రెండు పూటలా గోడవైపు తిరిగి కంచంలో అన్నం తిన్నాడు. కుక్క కోడి తింది, చేప తింది, గొర్రె తింది, గోధుమ లేనిది కూడా తింది. పన్నెండో రోజుకి నాలుగు కిలోల ఐదొందలు తూగింది.

"ఇంతకీ ఏది తిన్నది?" అంది సమీర వచ్చాక.

నేను కూర్చుని తింటే తిన్నది అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "మూడో రకం," అన్నాడు. "గొర్రె, చిన్న గింజ. నాణ్యమైన సరుకు."

ఆమె మూడు కిలోల సంచి కొనుక్కుని, కుక్కని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

మూడు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. "నాన్నా, నువ్వు చెప్పిందే పెడుతున్నాను. మూడు రోజులనుంచి ముట్టట్లేదు."

ఒక్క మాట చెబితే చాలు. నువ్వు అటు తిరిగి కూర్చుని అన్నం తిను, అదీ తింటుంది. కాని ఆ మాట చెప్పేస్తే అక్కడితో ఆయన పని అయిపోతుంది. చెప్పకపోతే కుక్క మాడుతుంది. ఆయన నోరు తెరిచాడు.

"సంచి తేడా అయ్యుంటుంది," అన్న మాటే వచ్చింది. "చూస్తే గాని తెలీదు."

"అయితే వచ్చి చూడు మరి!"

బస్సులో న్యూ టౌన్ దాకా తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. గడప దాటగానే చెప్పెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాడు.

తలుపు తీయగానే లుచీ ఎగిరి మీద పడింది. ఎత్తుకున్నాడు. సరుకు తూచి తూచి ఆయన చేతికి తక్కెడ అక్కర్లేదు. ఐదుకి పైమాటే. తలుపు వెనక గొర్రెరకం సంచి అడుగంటి, మెడ వాల్చి ఉంది. కుక్క గిన్నె తళతళలాడుతోంది, అంచున ఒక్క గింజపొట్టు తప్ప. నేల మీద చాప, చాప మీద రెండు కంచాలు.

సమీర చేతులు కట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. "ఎలా ఉంది నాన్నా?"

ఢిల్లీశ్వరరావు కుక్కని అటూ ఇటూ తిప్పి, శ్రద్ధగా తనిఖీ చేశాడు.

"బాగా చిక్కిపోయింది," అన్నాడు.

"నేను చెప్పలే?"

"ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదు. దగ్గరుండి చూడాలి."

"చూడు. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు చూడు." ఆమె వడ్డించి, తన కంచం తీసుకుని, కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆయనవైపు చూడలేదు. జ్యోతిరాణి ఎప్పుడైనా చెప్పి ఉంటుందా? ఆయన అడగలేదు. వెనక ఎక్కడో కరకర మొదలైంది. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు, దిగింది.

"కూరెలా ఉంది?" అంది సమీర, తల తిప్పకుండానే.

బాగుంది అనబోయి ఆగాడు. ఈసారి నిజంగా తిన్నాడు.

"ఉప్పు లేదే," అన్నాడు.