పేరు పిలిచే చోటు

ఫోను మోగగానే కనక ఎత్తదు. కాసేపు మోగనిస్తుంది. అది నిరుడు పోయిన భర్త ఫోను. ఎత్తితే ఎవరో కొత్త గొంతు అడుగుతుంది: "సోంబరు గారేనండీ?"

"లేరండి. కాఫీ తోటకెళ్లారు," అంటుంది. ఆ గొంతు మళ్లీ ఒకసారి ఆ పేరు అనేదాకా ఆగి, పెట్టేస్తుంది.

కనక ఆ పేరు ఎన్నడూ నోటితో అనలేదు. భర్త పేరు అనకూడదని తల్లి నేర్పింది. సోమవారం పుట్టాడని పెట్టిన పేరు కాబట్టి ఆ వారాన్ని కూడా ఆమె 'ఆదివారం మరునాడు' అనే అంటుంది. ఊళ్లోవాళ్లకు ఆయన ఎప్పుడూ కూతురి పేరు మీద 'సోని అయ్య'. ఆయన అసలు పేరు ఇప్పుడు ఫోనులో తప్ప ఎక్కడా వినబడదు.

ఆయన ఆటోకు అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ నుంచి ఖాతాదారుల వివరాలు దొంగల చేతిలో పడ్డాయని, ఈ ఫోన్లు వాళ్లవేనని సోని కనిపెట్టింది. ఓటీపీ కూడా అడుగుతున్నారని విని హడలిపోయి, తల్లిని అరకులో ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే దెబోరా దగ్గరికి పంపింది.

"ఆళ్లకి ఏటి సెప్పేవక్కా?" అంది దెబోరా.

"తోటకెళ్లేడన్నాను."

"నిరుటినుంచీ తోటలోనే ఉన్నాడా? అనుమానం రాలేదేటి ఆళ్లకి?"

"కాఫీ పండు ఏరాలంటే టైము పడతాది కదా లాయరమ్మా."

దెబోరా నవ్వబోయి మానుకుంది. "ముందు ఈ సిమ్ము ఆపించేద్దాం. సైబర్ పోలీసులకి ఫిర్యాదు పెడదాం. కంపెనీకి రాద్దాం. నెల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెడదాం. అంతా ఆన్‌లైనే. బేగి తేలిపోతాది, నువ్వు ఎక్కడికీ రానక్కర్లేదు."

"సిమ్ము ఆపితే మరి ఫోన్లు రావా?"

"రావు. అందుకే కదా."

కనక ఫోనుని ఒళ్లో పెట్టుకుంది. ఆ గొంతులు దొంగలవని ఆమెకు తెలియక కాదు. ఒకడు ఆ పేరు చివర సాగదీస్తాడు. ఒకడు తడబడతాడు. ఆ తడబడేవాడి ఫోను కోసమే ఆమె ఎదురుచూస్తుంది. వాడు రెండుసార్లు అంటాడు.

"ఇంకో దారి లేదా అమ్మా?"

"వినియోగదారుల కమిషన్ ఉంది, విశాఖలో. వారసురాలిగా నువ్వు కేసెయ్యొచ్చు. కానీ ఎన్నాళ్లు పడతాదో సెప్పలేం. పిలిచేదాకా హాల్లో కూకోవాలి."

"ఏటని పిలుస్తారు?"

"నీ పేరు, దాని పక్కన పోయిన మీ ఆయన పేరు. అక్కడి బంట్రోతు కాయితంలో ఉన్నదంతా సదువుతాడు."

"గట్టిగానా?"

"హాలంతా ఇనబడాలి కదా."

"వాయిదా వాయిదాకీనా?"

"ఆఁ. నువ్వెళ్లకపోయినా పర్లేదు, వీడియోలో కనబడొచ్చు."

"వద్దు. నానెల్తాను." కనక ఫోను బల్ల మీద పెట్టి, కొంచెం అటువైపు జరిపింది. "సిమ్ము ఆపించెయ్. ఆ విశాఖ కేసే రాయి."

దెబోరా కాగితం తీసింది. "ఆయన పేరేటి?"

"ఆదివారం మరునాడు."

దెబోరా కూడా ఈ కొండల్లో పుట్టినదే. ఆ మాట అర్థమై పేరు రాసి, సరిచూసుకోవడానికి పైకి చదివింది. "సోంబరు. అంతేనా?"

కనక కళ్లు మూసుకుంది.

"సరిగ్గా ఇనబళ్లేదు. మళ్లీ సదువమ్మా."