జల్లెడ పట్టిన ముఖం

శివశంకర్ టిఫిన్ క్యారియర్‌ను బల్ల కింద పెట్టి, కళ్లద్దాలను చొక్కా అంచుతో తుడుచుకుని, కంప్యూటర్ మీద బోణీ మొదలుపెట్టాడు.

బోణీ అన్నది ఆ ఆఫీసులో ఆయన ఒక్కడి మాట. రోజూ పని ముట్టుకునే ముందు, ఆ ఆఫీసు మేడ కట్టిన కూలీల్లో ఒకతె ఈరమ్మ ఇసుక జల్లించే వీడియోను ముక్కలుగా విడదీసి, మళ్లీ కలిపి, తెర మీద ఒకసారి చూడాలి. సరిగ్గా వచ్చిందంటే ఆ రోజు బేరం బాగున్నట్టు. కదిరిలో ఆయన తండ్రి తిమ్మప్ప వేరుశనగ మండీలో మొదటి బేరం తెగేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. కొడుకు వ్యాపారం వదిలాడు గానీ ఆ అలవాటు మాత్రం ఆయన్ను వదల్లేదు.

తెర మీద వీడియో కదిలింది. కర్ర దన్నుతో వాలుగా నిలబెట్టిన ఇనప జల్లెడ. దాని వెనక ఇంకా గోడలు కట్టని మేడ స్తంభాలు, ఆ వెనక మాదాపూర్ బండరాళ్లు. ఈరమ్మ పారతో ఇసుక ఎత్తి జల్లెడ మీదికి విసురుతోంది. మెత్తటిది అవతలికి పడుతోంది, గులకరాళ్లు ఇవతలికి జారుతున్నాయి. చివర్లో ఆమె చటుక్కున ఇటు తిరిగి, కొంగుతో మూతి తుడుచుకుని నవ్వుతుంది. అప్పుడు గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు కనిపిస్తాయి.

ఈ పూట చుక్కలు లేవు.

మళ్లీ నడిపించాడు. ముఖం ఉంది, నవ్వు ఉంది. తడి అద్దం వెనక నుంచి చూసినట్టు అంతా మెత్తబడి ఉంది. జల్లెడ కన్నులు అలుక్కుపోయి, అది జల్లెడలా కాక ఆరేసిన గుడ్డలా కనిపించింది. గడ్డం నున్నగా ఉంది.

ఇంకో రోజైతే ఏ వరుసలో పొరపాటు జరిగిందో తీరిగ్గా వెతికేవాడు. ఇవాళ ఆ తీరిక లేదు. ముందురోజు సాయంత్రం ఈరమ్మ కూతురు కొమురమ్మ చీపురు పట్టుకుని ఆయన బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది. తల్లి దవాఖానలో పడ్డప్పటి నుంచి ఆఫీసు ఊడ్చే పనికి తల్లి బదులు ఆమే వస్తోంది.

"సార్, అమ్మ ఫొటో మీ తాన ఉన్నదంట గద. జర తీసియ్యరాదు?"

"వీడియో ఉండాది మా. ఫొటో ఎందుకు?"

"నా మొకం ఒక్కపారి చూస్త, సారు తాన ఉన్నది తే అని ఒక్కటే పోరు. మా ఇంట్ల ఆమెదొక్క ఫొటో లేదు సార్. ఎన్నడు దిగలె."

"రేపు సాయంత్రం నువ్వు వస్తానే ఇస్తాలే. నిమ్మళంగా ఉండమని చెప్పు."

అలా మాటిచ్చాడు. పైగా ఇవాళ సాయంత్రమే ఆ కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి పై అంతస్తుకు పంపుతారు. బొమ్మల పనిని కంపెనీ మూసేస్తోంది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్ల తేదీలు తిరగబడతాయని ఊరూవాడా భయం పట్టుకుంది. ఆ మరమ్మతుకు ఉన్నంత గిరాకీ శివశంకర్ విద్యకు లేదు. రేపటి నుంచి ఆయన కూడా ఆ తేదీలే దిద్దాలి.

శివశంకర్ విద్య చూడ్డానికి గొప్పగా ఉన్నా, లోపల మండీ పనే. వేరుశనగను జల్లెడ వేస్తే పైన గుళ్లు మిగులుతాయి, కింద బద్దలు పడతాయి, ఇంకా సన్న జల్లెడ వేస్తే దుమ్ము రాలుతుంది. బొమ్మనూ అలాగే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి జల్లిస్తారు. వీడియో కాబట్టి కాలం వెంట, అంటే ఒక బొమ్మకూ దాని తర్వాతి బొమ్మకూ మధ్య ఏం మారిందో కూడా విడిగా జల్లిస్తారు. ముతక భాగంలో ముఖమూ మేడా ఆకాశమూ ఉంటాయి. సన్న భాగాల్లో గీతలు, అంచులు, చుక్కలు ఉంటాయి. వీటిని బ్యాండ్లంటారు. అన్ని బ్యాండ్లూ భద్రంగా ఉంటే మళ్లీ కలిపినప్పుడు అసలు బొమ్మే వస్తుంది. కానీ టెలిఫోను తీగ మీద పంపాలంటే అంత సరుకు పట్టదు. అందుకని సన్న బ్యాండ్లలో కొంత పారేస్తారు. ఎంత పారేస్తే చూసేవాడి కంటికి తెలియదో అంచనా కట్టడమే శివశంకర్ బేరం. ఆ బేరంలో ఆయన చేతికి మంచి పేరుంది.

ఈరమ్మ వీడియోను ఏరి తెచ్చుకున్నది కూడా అందుకే. కదిలే ఇసుక, సన్నటి జల్లెడ కన్నులు, వాటికంటే మొండి సరుకు ఇంకోటి లేదు. దీన్ని విడదీసి కలపగలిగితే దేన్నైనా కలపొచ్చు. ఈ ఆఫీసు మేడ లేస్తున్నప్పుడు కంపెనీ కెమెరా భుజాన వేసుకుని వచ్చి తీశాడు.

"ఏంది సారూ, గీ ఇసుక ఫొటో దేనికి? నన్ను సినిమాల ఏస్తవా?" అని పార ఆపి నవ్వింది ఈరమ్మ. చివర్లో ఉన్నది ఆ నవ్వే.

మేడ పూర్తయ్యాక మేస్త్రీ వెళ్లిపోయాడు, కూలీలు నార్సింగి వైపు కొత్త పనులకు వెళ్లారు. ఈరమ్మ మాత్రం చీపురు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఒక ఉదయం ఆయన వెనక ఊడుస్తూ తెర మీద తనను తాను చూసుకుని నోరు తెరిచింది. మొదట పెద్ద బొమ్మ, తర్వాత అది చిన్న చిన్న గళ్లుగా విడిపోవడం, మళ్లీ కలవడం.

"గదేంది సారూ! రోజు నన్ను ముక్కలు చేసి మల్ల అతుకుతున్నవా?"

"నీకేం కాదులే ఈరమ్మా. తీసింది తీసినట్టే పెడతా."

"సూస్త మరి. ఏమన్న తక్కువైతె నీ టేబుల్ కింద ఊడ్వ."

ఆనాటి నుంచి ఆమె రోజూ వచ్చి చీపురు గడ్డానికి ఆన్చి ఒక్క నిమిషం తెరను చూసేది. "ఉన్ననా? మంచిగున్ననా?" అని అడిగి వెళ్లిపోయేది. పెళ్లాంబిడ్డలతో కూడా ఇంత క్రమంగా మాట్లాడలేదేమో శివశంకర్. లెక్క వేసి చూసుకుంటే ఆ ఆఫీసులో ఆయన పనిని రోజూ చూసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆయన లేచి భార్గవి దగ్గరికి వెళ్లాడు. డిస్కులు, ఫైళ్లు చూసుకునేది ఆ అమ్మాయి. భీమవరం నుంచి వచ్చి కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉంటోంది.

"అమ్మా, నా ఇసుక వీడియో ఫైళ్లు ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నిన్న సాయంత్రం మీరెళ్లాక నేనే కొన్ని తీసేశానండీ. డిస్క్ ఫుల్ అయిపోయింది, మధుసూదన్ గారు ఒకటే గోల." అని, ఆయన ముఖం చూసి లేచి నిలబడింది. "ఏం సార్, అవసరమా అవి? తెరిచి చూసే తీశానండీ. అన్నీ ఉత్త బూడిద రంగే. ఏమీ లేదనుకున్నా."

శివశంకర్‌కు కోపం రాలేదు. సన్న బ్యాండ్‌ను విడిగా తెరిస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. తడిపి ఆరబెట్టిన పలక మీద సున్నపు గీత ఉందా లేదా అన్నట్టుంటుంది. అది ఖాళీ కాదని, ముతక బొమ్మతో కలిపినప్పుడే తెలుస్తుంది.

"అసలు వీడియో ఉంటుంది కదండీ?"

"లేదు మా. ముక్కలన్నీ ఉంటే అసలుకు చోటెందుకని మనమెప్పుడూ ఉంచం గదా. కెమెరా క్యాసెట్ మీద మేడ ప్రారంభోత్సవం ఎక్కించినారు."

భార్గవి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో, సారీ అండీ. ఇంత ముఖ్యమని నాకు తెలీదు."

"నాకూ నిన్నటిదాకా తెలీదులే. పాత టేపుల పెట్టె యాడుంది?"

ఇద్దరూ కూర్చుని టేపులు ఒక్కొక్కటే ఎక్కించి చూశారు. ఈరమ్మ చాలాచోట్ల దొరికింది. ఢిల్లీ వాళ్లకు చూపించినది, బెంగళూరు వాళ్లకు పంపినది, పందెం వేసి మరీ చిన్నది చేసినది. ఒక్కొక్కటీ తెరుస్తూ శివశంకర్ ఆశపడ్డాడు, మూస్తూ తల ఊపాడు. అన్నీ ఆయన చేత్తో అమ్మకానికి తయారుచేసినవే. అన్నిట్లోనూ, కంటికి తెలియదని, ముందుగా పారేసింది ఆ సన్న సరుకే.

మేనేజర్ మధుసూదన్ అటుగా వెళ్తూ ఆగాడు. "ఏంటి శంకర్ గారూ, ఇంకా ఆ ఇసుకేనా? రెండువేల సంవత్సరం నెత్తి మీద కూర్చుంటే!"

"ఈ పూటతో అయిపోతుంది సార్."

"కానివ్వండి. సాయంత్రం మెషీన్ పైకి పోవాలి."

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు ఆయన క్యారియర్ విప్పలేదు. ఉన్నవాటిలో మెరుగైన బొమ్మ ఏరాడు. నవ్వు పూర్తిగా విచ్చుకున్న చోట ఆపాడు. ఇక చుక్కలు తానే పెట్టేస్తే సరి. బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, ముదురాకుపచ్చ రంగు తీసుకుని, గడ్డం మీద ఒక చుక్క పెట్టాడు. దాని పక్కన రెండోది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఈరమ్మ చెప్పింది ఒకసారి. "మా అవ్వ జాతరల పొడిపిచ్చింది. రెండు చుక్కలకు మంచిగనే ఊకున్న సారూ. మూడోదానికి పానం పోయినట్టయి గుంజుకున్న. గా చుక్క ఎటో పోయింది."

ఎటు పోయింది? పైకా, కిందికా? ఎడమకా, కుడికా? కళ్లు మూసుకుని చూశాడు. రోజూ పొద్దున్నే చూసిన ముఖం. జల్లెడకు ఏ మూల తీగ తెగిందో చెప్పగలడు. పార కర్రకు చుట్టిన గుడ్డ రంగు చెప్పగలడు. ఆ చుక్క మాత్రం ఎక్కడుందో చెప్పలేకపోయాడు. పైన పెట్టి చూశాడు, ఈరమ్మ కాదు. పక్కన పెట్టి చూశాడు, ఇంకెవరో. కదిరిలో తండ్రి తూకం రాయి మీద కంటే జల్లెడ మీదే కళ్లు పెట్టమనేవాడు. పెట్టాడు. ఇన్నేళ్లూ జల్లెడనే చూశాడు.

పెట్టిన చుక్కలు కూడా చెరిపేసి, నున్నటి గడ్డంతోనే బొమ్మను రంగుల ప్రింటర్‌లో తీశాడు. సిరా ఆరేదాకా ఫ్యాన్ కింద పట్టుకున్నాడు.

కొమురమ్మ చీకటి పడకముందే వచ్చింది. చీపురు తేలేదు. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి, జుట్టు ముడి ఊడిపోతున్నా సర్దుకోకుండా నిలబడింది.

"రా మా. తీసి పెట్టినా. అమ్మకు ఎట్లుంది?"

"పగటిపూట పోయింది సార్. ఇంటికి తెస్తున్నరు. సారు ఇచ్చిండా, ఇచ్చిండా అని అడిగింది. తెస్తనన్న."

శివశంకర్ చేతిలో కాగితం ఉండిపోయింది. దూరంగా భార్గవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొమురమ్మే చెయ్యి చాపి కాగితం తీసుకుంది. వెలుతురు పడేలా పట్టుకుని చూసింది.

"నవ్వుతున్నది," అంది. తర్వాత, "పచ్చబొట్టు లేదు సార్."

"పోయింది మా. మా తప్పే. మళ్లీ తెద్దామని శానా వెతికినా. ఇంత దగ్గర పెట్టుకుని... మూడోది యాడుండేదో నాకు గుర్తు రాలేదు."

ఆమె ఆయన జేబు వైపు చూసింది. "పెన్ను ఇయ్యుండ్రి."

బల్ల మీద కాగితం పరిచి, ఎడమచేత్తో అంచు నొక్కిపట్టి, కొమురమ్మ గడ్డం మీద రెండు చుక్కలు పక్కపక్కనే పెట్టింది. మూడోదాన్ని, ఆలోచించకుండా, కింద కాస్త ఎడంగా, పెదవి మూలకు తిన్నగా పెట్టింది. చంటిబిడ్డకు దిష్టిచుక్క పెట్టినంత తేలిగ్గా పెట్టింది. నీలం సిరా కొంచెం అలుక్కుంది.

"గీడుంటది సార్. చిన్నప్పుడు పాలు తాగుకుంట గీడ్నే ఏలు పెట్టేదాన్నంట."

శివశంకర్ వంగి చూశాడు. ఈరమ్మ వచ్చింది. ముక్కలు కలిపితే ఎన్నిసార్లో వచ్చిన ఈరమ్మే.

కొమురమ్మ కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగి వెళ్లింది. ఆయన బయటి దాకా వెంట వెళ్లి, షేర్ ఆటోను ఆపి ఎక్కించి, అది బండల మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి భార్గవి ఆయన కుర్చీ పక్కన నిలబడి ఉంది. "సార్, మెషీన్... ఫార్మాట్ చేసెయ్యనాండీ? కావాలంటే రేపటిదాకా ఆపమని అడుగుతాను."

"చేసెయ్ మా. ఇంకేమీ లేదందులో."

బల్ల సొరుగులో తనవంటూ ఉన్నవి చొక్కా జేబులో పట్టేశాయి. ముట్టని క్యారియర్ పట్టుకుని సెల్లార్ మీదుగా దిగాడు. స్తంభం వెనక ఈరమ్మ తన చీపుర్లు, బకెట్టు పెట్టుకునే మూలకు అడ్డంగా, మేస్త్రీ వదిలేసిపోయిన ఆ ఇనప జల్లెడ గోడకు ఆనించి ఉంది. దాని మీద ఆమె ఉతికి ఆరేసిన తుడుపుగుడ్డ ఎండి కట్టెలా బిగుసుకుని ఉంది, ఒక మూల తెగిన తీగ పక్కన, అటు పడలేక ఇటు జారలేక, ఒక్క గులకరాయి కన్నులో ఇరుక్కుని ఉంది.