వెనక గదిలో ఊదారంగు వెలుగు

ఓర్లా డెవానీ చొక్కాను బడి నర్సు మెల్లగా పైకెత్తగానే వీపు మీది చర్మం కూడా బట్టకు అంటుకుని లేచి వచ్చింది.

పదిహేనేళ్ళ పిల్ల అరవలేదు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని, "దీపం ఆర్పండి మిస్, కళ్ళల్లో ఇసుక పోసినట్టుంది" అంది.

గదిలో దీపం వెయ్యనే లేదు. కిటికీ బయట లివర్‌పూల్ మార్చి నెల మబ్బు తప్ప మరేమీ లేదు.

మధ్యాహ్నానికి ఆ పిల్ల ఆస్పత్రి మంచం మీద వీపు పైకి పెట్టుకుని పడుకుంది. కళ్ళ మీద తడి గుడ్డలు. పక్కన నిలబడి ఆ వీపునే చూస్తున్న కోలెట్ మల్వీ మునిసిపాలిటీలో ఆరోగ్య తనిఖీ అధికారిణి. చర్మానికి ఎండ రంగు పట్టించే సన్‌బెడ్ దుకాణాలన్నీ ఆమె కిందకే వస్తాయి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని ఆ దుకాణాల్లోకి రానివ్వకూడదని చట్టం. దాన్ని అమలు చెయ్యడం కోలెట్ ఉద్యోగం.

ఎర్రగా ఉడికిపోయిన వీపులో భుజాల కింద ఎముక ఉబ్బిన చోట రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి. మంట తగలని చర్మం.

డాక్టర్ రెహానా ఆమెను తలుపు దగ్గరికి పిలిచింది. "ఇది సన్‌బెడ్ ట్యూబులు కాల్చిన గాయం. చాలా పవరున్న ట్యూబులు. భుజం మీద ఓ పుట్టుమచ్చ రంగు మారింది, దాన్ని తీసి పరీక్షకి పంపించాను. వాళ్ళమ్మ చర్మ కేన్సర్‌తోనే పోయిందట కదా. ఆ మెషీన్ ఎక్కడుందో కనుక్కుని ఈ రోజే ఆపించండి. ఇంతకంటే చిన్న పిల్ల అందులో పడితే నడిచి మా దగ్గరికి రాలేదు."

"ఎక్కడికి వెళ్ళావు తల్లీ?" కోలెట్ మంచం దగ్గరికి వచ్చి అడిగింది.

ఓర్లా మొహం దిండులోకి తిప్పేసుకుంది.

"దానికి చెప్పడానికి భయం. నేను చెప్తాను" అన్నాడు గోడకు ఆనుకున్న ఓర్లా తండ్రి. జెరార్డ్ డెవానీ, తెలిసినవాళ్ళకి జెర్రీ, రేవులో క్రేన్ నడుపుతాడు. భార్య షీలా పోయినప్పటి నుంచి శనివారాలు సెలవు పెట్టి మరీ నెవిల్ ప్రాక్టర్ సన్‌బెడ్ దుకాణం ముందు అట్టముక్క పట్టుకుని నిలబడుతున్నాడు. 'మా పిల్లల్ని కాల్చకండి' అని రాసుంటుంది దాని మీద. "నెవిల్‌గాడే. ఇంకెవడు కోలెట్? నా వెనక దీన్ని లోపలికి రానిచ్చాడు. వాణ్ణి నువ్వు పట్టుకుంటావా, నన్ను వెళ్ళమంటావా?"

"నువ్వు ఇక్కడే ఉండు జెర్రీ."

"ఉండలేను. టెస్‌ని బడి నుంచి తీసుకురావాలి. ఎల్లుండి వాళ్ళ అమ్మమ్మతో స్పెయిన్ దీవి టెనెరీఫ్‌లో పెళ్ళికి పంపాలి." కూతురి తల నిమిరి వెళ్ళిపోయాడు. టెస్ ఓర్లా చెల్లెలు. తొమ్మిదేళ్ళది.

నెవిల్ దుకాణంలో ముగ్గురు అమ్మాయిలు జుట్టుకి రోలర్లు చుట్టుకుని వరస కోసం చూస్తున్నారు. కోలెట్‌ని చూడగానే నెవిల్ చేతులు రెండూ పైకెత్తాడు. అతని మొహం బాగా పాలిష్ పెట్టిన బూటు రంగులో ఉంది.

"మహారాణి వచ్చింది. ఈ ముగ్గురికీ కలిపి డెబ్భై ఏళ్ళుంటాయి, లెక్క చూసుకో."

"ఓర్లా డెవానీ ఆస్పత్రిలో ఉంది నెవిల్. వీపంతా తోలు ఊడిపోయింది."

అతని చేతులు కిందకి దిగాయి. "నా దగ్గర కాదు. ఒకసారి స్నేహితురాళ్ళతో వచ్చింది, గుమ్మంలోంచే పంపించేశాను. వాళ్ళ నాన్న అరుపులు చాలవా నాకు?"

"గదులు చూపించు."

అతను తలుపులన్నీ ఒక్కొక్కటే తీశాడు. కోలెట్ రెండో గది దగ్గరే ఆగిపోయింది. లోపల నిలువు పెట్టె. చుట్టూ ట్యూబులు, పైన పట్టుకోవడానికి పట్టీలు. మనిషి అందులో నిలబడతాడు. ఒళ్ళు దేనికీ ఆనుకోదు.

"అన్నీ ఇలాంటివేనా?"

"అన్నీ. పడుకునేవాటిని తుడిచి చావాలి. ఎప్పుడో తీసేశాను."

ఆనుకోని వీపు మీద తెల్ల మచ్చలు మిగలవు. పడుకునే మెషీన్ గాజు మీద వెల్లకిలా పడుకుంటేనే ఎముక నొక్కుకున్న చోట నెత్తురు ఆడక చర్మం తెల్లగా మిగిలిపోతుంది. ఓర్లా పడుకుంది.

"పడుకునే మెషీన్ ఇంకా ఎవరి దగ్గరుంది నెవిల్?"

"ఈ ఊళ్ళో ఏ దుకాణంలోనూ లేదు. ఇళ్ళల్లో ఉన్నాయి. అద్దెకిచ్చేవాళ్ళు వ్యాన్లో తెచ్చి దింపి పోతారు. అక్కడ నీ చట్టం ఏం పీకుతుంది కోలెట్? నా గుమ్మం వరకే కదా దాని ధైర్యం."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దుకాణాలకున్న నిబంధన ఇళ్ళకి అద్దెకిచ్చే మెషీన్లకీ పెట్టమని ఆమె పైవాళ్ళని అడుగుతూనే ఉంది. చూస్తాం అంటున్నారు.

కారులో కూర్చుని ఆస్పత్రికి ఫోన్ చేసింది. డాక్టర్ రెహానా ఫోన్‌ని ఓర్లా చెవి దగ్గర పెట్టింది.

"ఓర్లా, నువ్వు దుకాణానికి వెళ్ళలేదు. ఎవరింట్లోనో పడుకున్నావు. ఆ ఇంట్లో ఇంకో పిల్ల ఉందా?"

"బడి వదిలేశారా మిస్?" అని అడిగింది ఓర్లా.

"ఎప్పుడో వదిలేశారు."

"చెప్తే మా నాన్నని తీసుకెళ్ళిపోతారు. అమ్మ ఎలాగూ లేదు మాకు."

"ఓర్లా."

"ఈ రోజు టెస్ వంతు" అని ఆ పిల్ల ఏడ్చేసింది.

కోలెట్ కారు తిప్పింది. జెరార్డ్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. రేవు వైపు వెళ్ళే లారీలు దారి ఇవ్వడం లేదు. పోలీసులకి చెప్పింది. వస్తాం, మా కోసం ఆగండి అన్నారు. ఎప్పటికి వస్తారో చెప్పలేదు. ఆమె ఆగదలచుకోలేదు.

ఇంటి తలుపు తట్టగానే తీసిన జెరార్డ్ చేతిలో గరిటె ఉంది. వెనక బీన్స్ ఉడుకుతున్న వాసన.

"వాణ్ణి పట్టుకున్నావా?" అన్నాడు.

"టెస్ ఎక్కడ?"

"స్నానం చేస్తోంది."

ఇంటి వెనక నుంచి ఫ్యాన్ తిరుగుతున్న రొద వస్తోంది. నడవా చివర మూసిన తలుపు కింద సన్నటి ఊదారంగు వెలుగు గీత.

"పక్కకి జరుగు జెర్రీ."

"నా ఇంట్లోకి రావడానికి నీకు హక్కు లేదు."

"లేదు. అందుకే అడుగుతున్నాను. ఓర్లా వీపు మీద రెండు తెల్ల మచ్చలున్నాయి, చూశావా? నెవిల్ దగ్గర అందరూ నిలబడతారు. పడుకున్నవాళ్ళకే ఆ మచ్చలు. అంతగా కాల్చేవి కొత్త ట్యూబులే, ఎప్పుడు మార్పించావు?"

జెరార్డ్ గడప మీద నుంచి కదల్లేదు. ఒక్క క్షణం అతను తలుపు మొహం మీదే వేసేస్తాడనుకుంది ఆమె. అతను గరిటె నేల మీద వదిలేసి వెనక్కి పరుగెత్తాడు.

గోడలోంచి ప్లగ్గు ఊడిన చప్పుడు. ఫ్యాన్ ఆగిపోయింది. కోలెట్ వెళ్ళేసరికి పొడవాటి మూత పైకి లేచి ఉంది. ఈత బట్టల్లో టెస్ లేచి కూర్చుని కళ్ళు చికిలిస్తోంది.

"ఇంకా గంట మోగలేదు నాన్నా. ఈ రోజు సగం చాలన్నావు, ఆ సగం కూడా అవ్వలేదు."

కోలెట్ చల్లటి నీళ్ళలో తువ్వాలు ముంచి పిల్ల చుట్టూ చుట్టింది. కాళ్ళు, భుజాలు గులాబీ రంగుకి తిరిగాయి. బొబ్బలు లేవు. ఇప్పటికి లేవు. పిల్లని వంటింట్లో కూర్చోబెట్టి ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"మెషీన్ దొరికిందా? ఎవరిది?" అంది డాక్టర్ రెహానా.

కోలెట్ జవాబు చెప్పకుండా ఫోన్ జెరార్డ్ చేతికిచ్చింది. అతను ఆ మెషీన్ అంచు మీదే కూర్చున్నాడు. ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేను జెరార్డ్‌ని డాక్టర్. ఓర్లా నాన్నని. మీరు వెతుకుతున్న మెషీన్ మా ఇంట్లోనే ఉంది. నేనే అద్దెకి తెచ్చాను. షీలా పాలలా తెల్లగా ఉండేది. స్పెయిన్ వెళ్ళిన మొదటి రోజే ఎండకి ఒళ్ళంతా బొబ్బలెక్కింది. ముందే కాస్త రంగు పట్టించుకుని వెళ్ళుంటే కాలేది కాదని, కేన్సర్ వచ్చేది కాదని ఇక్కడ అందరూ అన్నారు. నేనూ నమ్మాను. దుకాణాల్లో ఒక్కసారే మాడ్చేస్తారు, నేనైతే కొద్దికొద్దిగా అలవాటు చేస్తాననుకున్నాను. పిల్లలు వాళ్ళమ్మలా కాకూడదని. ఈ వారం కొత్త ట్యూబులు వేయించాను. టైము తగ్గించలేదు. నిన్న రాత్రి మంటగా ఉంది నాన్నా అంది ఓర్లా. రంగు పట్టేటప్పుడు అలాగే ఉంటుంది, పడుకో అన్నాను. ఆస్పత్రిలో దాని వీపు చూడగానే నాకు లోపల తెలిసిపోయింది. అది నాకే వినబడకూడదని నెవిల్ పేరు అంత గట్టిగా అరిచాను. ఇంటికొచ్చి టెస్‌ని పడుకోబెట్టాను. సగం టైముకే పెట్టాను. మెషీన్‌లో తప్పేమీ లేదని నమ్మినవాడు సగానికి ఎందుకు తగ్గిస్తాడు, చెప్పండి. తెలుసు నాకు. తెలిసే మూత వేశాను."