యాభైమందిలో పన్నెండుమంది

చదువుకు పెట్టిన డబ్బు ఎన్నటికీ వృథా పోదన్నది పదిమంది నోళ్లలో నానిన మాటే తప్ప, ఆ పదిమందిలో ఒక్కరైనా సరిచూసిన మాట కాదు. టీకాల కేంద్రంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న నర్సు కూడా దాన్ని నమ్మింది. ప్రజారోగ్యం డిగ్రీలో ఆమెకు సీటు వచ్చింది. చదువు రెండేళ్లు. చేరాలంటే ఉద్యోగం మానుకోవాలి, నెలాఖరులోగా అంగీకారపత్రం మీద సంతకం చెయ్యాలి. మానుకున్న ఉద్యోగం మళ్లీ దొరకదు.

ఆదివారం పొద్దున్నే వంటింటి బల్లమీద కళాశాల కరపత్రం పరిచి అక్కను కూర్చోబెట్టింది. అక్క బ్యాంకులో అప్పులు మంజూరు చేసే అధికారి. ఎంతటివాడు అరచేతిలో వైకుంఠం చూపించినా ముందు కాగితం చూపించమనే మనిషి.

"ఫీజెంతే?"

"నా జీతం లెక్కన పద్దెనిమిది నెలలది."

"మరి చదివే రెండేళ్లూ జీతం రాదుగా! ఆ ఇరవై నాలుగు నెలలు ఎవరి ఖాతాలో వేస్తావ్, మీ బావ ఖాతాలోనా?"

నర్సు నాలుక కరుచుకుంది. అసలు ఖర్చు నలభై రెండు నెలల జీతం.

"కంగారుపడకు," అంది అక్క కళ్లజోడు సర్దుకుంటూ. "చదివినవాళ్ల జీతం సగటున రెట్టింపైందని రాశారు. అలాగైతే మూడున్నరేళ్లలో మొత్తం తిరిగొచ్చేస్తుంది. ఇంతకీ ఇది చదివి ఏం చేస్తావే?"

"ఇప్పుడు వచ్చిన పిల్లలకు సూది వేస్తున్నా. రాని పిల్లలెందరు, ఎందుకు రాలేదు అని తేల్చే ఉద్యోగానికి ఈ డిగ్రీ ఉండాలక్కా."

"రానివాళ్లను లెక్కపెట్టడానికి డిగ్రీయా? మా బ్యాంకులో కట్టనివాళ్లను రోజూ లెక్కపెడుతున్నాం, మాకెవరూ పట్టా ఇవ్వలేదే! సరే, పెట్టెయ్ సంతకం."

నర్సు కలం తీసింది. అప్పుడు కనబడింది, 'రెట్టింపు' అన్న మాట కింద చీమల బారులాంటి అక్షరాల్లో: 'సమాధానమిచ్చిన పన్నెండుమంది వివరాల ప్రకారం.' తన కేంద్రంలో ఆమె రోజూ రెండు అంకెలు రాస్తుంది. పేటలో పిల్లలెందరు, వచ్చినవాళ్లెందరు. రెండోది ఒక్కటే రాసి పంపితే పైఅధికారి ఆ కాగితాన్ని తిప్పికొడతాడు. ఇన్నాళ్లూ పరాయివాళ్ల విషయంలో అడిగిన ప్రశ్నను సొంత విషయంలో మరిచిపోయింది.

"పన్నెండుమంది సరే అక్కా. ఎంతమందిలో?"

మర్నాడు కళాశాలకు వెళ్లి అదే అడిగింది.

"యాభైమందిలోనమ్మా," అన్నాడు గుమాస్తా. "మిగతావాళ్లకు తీరిక లేక జవాబివ్వలేదు."

"జీతం పెరిగినవాళ్లకు తీరిక కూడా పెరుగుతుందన్నమాట!"

గుమాస్తా నవ్వలేదు. కానీ వసారా గోడమీద ఆ యాభైమంది ఫోటో ఉంది, కింద పేర్లున్నాయి. నర్సు నిలబడి అన్నీ రాసుకుంది. ఒకరిద్వారా మరొకరి నంబరు పట్టి, మూడు వారాల్లో నలభై ముగ్గురితో మాట్లాడింది. జీతమెంతని అడగలేదు, చదవకముందుతో పోలిస్తే ఎన్ని రెట్లైందని మాత్రమే అడిగింది. పన్నెండుమంది నిజంగానే రెట్టింపు జీతం మీదున్నారు. కరపత్రం అబద్ధమాడలేదు.

"డిగ్రీ గోడెక్కిందమ్మా, జీతం మాత్రం నేలమీదే ఉంది," అన్నాడు పాత ల్యాబుకే తిరిగొచ్చిన టెక్నీషియన్.

"నేను సాయంత్రం తరగతుల్లో చదివాను. మూడేళ్లు పట్టింది కానీ ఫీజూ అదే, పట్టా అదే. ఉద్యోగం వదల్లేదు," అంది ఆ యాభైమందిలోని మరో నర్సు. ఆ సంగతి కరపత్రంలో లేదు.

దొరకని ఏడుగురికీ పిసరంత కూడా పెరగలేదనే రాసుకుని, యాభైమందినీ తక్కువనుంచి ఎక్కువకు వరసగా పేర్చింది. నడిమధ్య ఉన్నవాళ్లకు పెరిగింది మూడోవంతు. ఉద్యోగం మానుకుని చదివితే ఖర్చు తిరిగి రావడానికి పదిన్నరేళ్లు. ఉద్యోగం చేస్తూ చదివితే నాలుగున్నర.

గడువుకు ముందురోజు ఆ కాగితం అక్క ముందు పెట్టింది. అక్క రెండుసార్లు కూడి, ఒకసారి భాగించి, తప్పు దొరక్క మూతి ముడిచింది.

"పగలంతా టీకాలు, సాయంత్రం పాఠాలు. మనిషివేనా?"

"మూడేళ్లేగా. చేసెయ్యగలను."

"చేస్తావులే, మొండిఘటానివి. చేసి పడిపోతే మోసేది నేను."

"నా బరువెంతో చెప్పనా, లెక్కలో వేసుకుంటావు?"

అక్క ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసి, లేచి టీ పెట్టింది.

నర్సు పగటి సీటు వదులుకుని సాయంత్రం తరగతుల్లో చేరింది. మూడేళ్లకు డిగ్రీ వచ్చింది. మరో ఎనిమిది నెలలకు, టీకాలకు రాని పిల్లల లెక్క తీసే విభాగంలో ఉద్యోగం వచ్చింది. జీతం మూడోవంతు కాదు, పావువంతు పెరిగింది. ఆ పెంపుతో ఫీజు తిరిగి రావడానికి ఆరేళ్లు పట్టింది.