పసుపునీళ్ళు నా మీద పడలేదు

నేను ఒక బెడ్‌పాన్‌ని. ముక్కు మూసుకోనక్కర్లేదు, శుభ్రంగానే ఉన్నాను. నన్ను చేసిన స్టీలు రేకులోంచే ఒక పాయసం గిన్నె కూడా పుట్టింది. అది పెళ్ళిళ్ళలో కులుకుతోంది, నేను మంచాల కింద బతికాను. అందుకు నేనేం ఏడవలేదు. ఇన్నేళ్ళలో నాకు అసహ్యం వేసింది నాలో పడినవాటిని చూసి మాత్రం కాదు.

మొదట ఒక ముసలాయన దగ్గర ఏడాది ఉన్నాను. ఆయన పోయాక ఆయన కోడలు నన్ను బాగా తోమి పక్కింటి బులిరాజుకిచ్చింది. తణుకులో కొబ్బరికాయల లారీ మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడాయన. రెండు నెలలు మంచం దిగకూడదన్నారు. నన్ను పెట్టేదీ తీసేదీ ఆయన భార్య మాణిక్యమే. చల్లటి స్టీలు తగిలితే ఆయన ఉలిక్కిపడతాడని ముందు నా మీద వేణ్ణీళ్ళు పోసి, అరచేత్తో తడిమి వేడి చూసుకునేది. ఒక్కనాడూ మొహం చిట్లించలేదు. ఆయన కన్నతల్లి నూకరత్నమ్మ మాత్రం నన్ను చూస్తే చాలు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వీధిలోకి పోయేది.

పన్నెండో రోజున మాణిక్యానికి ముట్టు వచ్చింది. అత్తగారు పెరటి వసారాలో చాప పరిచింది.

"మూడ్రోజులు మంచం అంటుకోకు. కూడూ నీళ్ళూ నా కొడుక్కి నేనే పెడతాన్లే."

"మరి అదో, అత్తయ్యా?" అంది మాణిక్యం నన్ను చూపిస్తూ.

నూకరత్నమ్మ కాస్త తడబడింది. "అదెలాగూ మైలదే కదే! దానికి అంటేటి? అది నువ్వే చూసుకో."

ఛీ ఛీ, ఏం తెలివండీ! ఆమె ఆయన నడుం కింద చెయ్యేసి పైకెత్తితే అంటు లేదట. అదే చేత్తో మంచినీళ్ళిస్తే మాత్రం అంటట! ఆమె నన్ను అటు తీసుకెళ్ళగానే అత్తగారు ఇటు వచ్చి మంచం మీదా, కొడుకు మీదా పసుపునీళ్ళు చల్లేది. బులిరాజు మొహం తుడుచుకునేవాడు.

ఒక మధ్యాహ్నం తల్లి పక్కవీధికి వెళ్ళినప్పుడు గొంతెండిపోయి దగ్గుతున్నాడు. మాణిక్యం పరిగెత్తుకుంటూ నీళ్ళు తెచ్చింది. "వద్దే, అమ్మని రానీ," అన్నాడు. పావుగంట గడిచిందో లేదో, "మాణిక్యం! తొందరగా తేవే!" అని నాకోసం ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నాకు నోరుంటే అప్పుడే కడిగేసేదాన్ని.

కట్టు విప్పాక ఆయన చేతికర్ర సాయంతో నడవడం మొదలెట్టాడు. నన్ను పెరటి వసారా గూట్లో పెట్టారు. ఆ నెల మాణిక్యం మళ్ళీ అదే చాప మీద, కడుపునొప్పితో ముడుచుకుని పడుకుంది.

"ఏవండీ, కాసిని వేణ్ణీళ్ళు ఇలా ఇవ్వండి," అంది నీరసంగా.

బులిరాజు గ్లాసు తెచ్చాడు. గుమ్మం దగ్గరే నేల మీద పెట్టి, చేతికర్రతో ఆమె వైపు తోశాడు. సగం నీళ్ళు ఒలికిపోయాయి.

నాకు డోకొచ్చింది. నాకు!

మాణిక్యం మెల్లిగా లేచింది. గూట్లోంచి నన్ను తీసి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

"దీన్ని నేను కర్రతో తొయ్యలేదండి. రెండు నెలలూ చేత్తోనే పెట్టాను. మళ్ళీ ఎప్పుడైనా మంచాన పడితే కర్రతోనే తోస్తాను. ఆలోచించుకోండి."

"ఏటే ఆ మాటలు!" అంటూ లోపల్నుంచి నూకరత్నమ్మ పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది.

బులిరాజు నావైపు చూశాడు. చూసి తల దించుకున్నాడు. కర్రని గోడకి ఆనించి, గ్లాసు తీసుకుని, గోడ పట్టుకుని కుంటుతూ వంటింట్లోకి వెళ్ళాడు. మళ్ళీ నింపి తెచ్చాడు. చాప మీద ఆమె పక్కనే కాలు చాపుకుని కూర్చుని, గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తాగేదాకా లేవలేదు.

నూకరత్నమ్మ గుమ్మంలోంచి ఇద్దరి మీదా పసుపునీళ్ళు చల్లింది. ఆయన ఈసారి తుడుచుకోలేదు. నా మీద మాత్రం ఒక్క చుక్కా పడలేదు.

మొగుడు పెళ్ళాం చేతికి గ్లాసెడు నీళ్ళివ్వడానికి మధ్యలో నేను కావలసి వచ్చింది. ఛీ!