బోర్లించిన మూత

ట్రాములో సీటు పైకెత్తి, దాని కిందున్న పెట్టెలోకి ఎడ్ముండ్ ఇసుక పోస్తున్నాడు. పొయ్యి మీద ఆరబెట్టి జల్లించిన ఇసుక, నీళ్ళలా చప్పుడు చేస్తూ జారుతోంది. నవంబరు వానకి వూచ్ నగరపు ట్రాము పట్టాల మీద ఆకులు నలిగి జిగురవుతాయి. బ్రేకు తొక్కగానే చక్రం ముందు ఈ ఇసుక రాలాలి. రాలకపోతే బండి ఆగదు.

ఏళ్ళ తరబడి బకెట్ మోసి అతని కుడి భుజం కిందికి వాలిపోయింది. కనుబొమల్లో ఎప్పుడూ సన్నటి దుమ్ము. నిన్నటి నుంచి ఎడమ చెయ్యి కూడా బరువుగా ఉంది. చేతులు మార్చి మోసినందుకే అనుకున్నాడు.

పెట్టె నిండాక మెట్టు మీద కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని తాగాడు. చివరి చుక్క దులిపి మూతని బోర్లించాడు. పెళ్ళిళ్ళలో, చావు భోజనాల్లో సీసా తన దగ్గరికి వచ్చేలోపే గ్లాసు బోర్లించడం అతను తాగుడు మానేసిన కొత్తలో నేర్చుకున్నాడు. బోర్లించిన గ్లాసులో ఎవరూ పొయ్యరు. ఇప్పుడు ఎదుట సీసా లేకపోయినా చెయ్యి ఆ పని చేసేస్తుంది.

వెల్డింగు పని చేసే విటెక్ వచ్చి నిలబడ్డాడు. గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల కోసుకున్నాడు. తాగిన వాసన రావడం లేదు.

"పెద్దాయనా, ఇవాళ కుట్టించుకుంటున్నా."

"ఏంటి, పంట్లామా?"

"వేళాకోళం ఆడకు. మాత్ర. పిర్రలో."

చర్మం కింద పెట్టి కుట్టేస్తారు. అది లోపలుండగా తాగితే ఒళ్ళు మండిపోతుంది, గుండె ఆగినా ఆగుతుంది. ఆ భయమే మందు.

"భయంతో మానితే మానినట్టు కాదురా. గొలుసేసి కుక్కని కట్టినట్టు."

"కట్టేసిన కుక్క లారీ కింద పడదుగా." విటెక్ టోపీ నలుపుతున్నాడు. "మీ చర్చి కింద గదిలో, తాగుడు మానినవాళ్ళ మీటింగుకి వచ్చా కదా. గుండ్రంగా కూచుని అందరూ మాట్లాడారు. నేనూ ఏడ్చా. బయటికి రాగానే నా కాళ్ళు సరాసరి దుకాణానికే పోయాయి. నాకు మాటలు పట్టవు పెద్దాయనా. డాక్టరమ్మేమో తోడు లేకపోతే కుట్టనంటోంది. మా ఆవిడ రానంది. నిన్నటి నుంచి చుక్క ముట్టుకోలేదు. ఇవాళ దాటితే నన్ను నేను ఆపుకోలేను."

"గురువారం మీటింగుకి రా."

"గురువారం దాకా బతికుంటే వస్తాలే."

అతను వెళ్ళిపోయాక ఎడ్ముండ్ ఇసుక పొయ్యడానికి తరవాతి బండెక్కాడు. తన అన్న హెన్రిక్ కూడా అలాగే కుట్టించుకున్నాడు. ఓ ఆదివారం వంటింట్లో కూర్చుని, బ్లేడుతో తనే కోసి మాత్ర తీసేసుకున్నాడు. తరవాత తాగాడు, మంచుపడుతుంటే ఆరుబయట పడుకున్నాడు. ఆ రోజు నుంచీ ఎడ్ముండ్‌కి ఆ మాత్ర పేరెత్తితేనే అసహ్యం.

ఇసుక జారుతోంది. మీటింగు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో మళ్ళీ తాగి పోయినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళు పోయినప్పుడు ఏమనుకున్నాడు? మనసు పెట్టలేదు, తప్పు వాళ్ళదే అనుకున్నాడు. అన్న పోతే మాత్రం తప్పు మాత్రది. అది తట్టగానే బకెట్ కింద పెట్టేశాడు. ఆ మాత్ర ఒక్కడినైనా నిలబెడితే, ఇన్నేళ్ళు నలుగురిలో సిగ్గు విడిచి చెప్పుకున్నదంతా వృథా అయిపోతుందని భయపడ్డాడా తను? విటెక్ తాగి చచ్చినా సరే, తన దారే నిజమనిపించుకోవాలనా?

ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళి సెలవడిగాడు.

"నువ్వు సెలవడగడమా!" లోపలి గుమాస్తా దనూతా కళ్ళజోడు పైకెత్తింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

డాక్టరమ్మ గది మందుల షాపు పైన. మెట్లెక్కేసరికి చెమట పట్టింది. వరండాలో ఒంటరిగా కూర్చున్న విటెక్ అతన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"గురువారం అన్నావుగా?"

"గురువారం కూడా రా. పిర్ర కుట్టించుకున్నవాడికి ఆ చెక్క కుర్చీలు కష్టం. నా కుర్చీకి దిండుంది, తీసుకో."

"మాత్ర పెట్టించుకున్నవాణ్ణి మీవాళ్ళు రానిస్తారా?"

"రానివ్వకపోతే ఇద్దరం మెట్ల మీద కూచుందాం."

విటెక్ నవ్వబోయాడు. నర్సు పిలిచింది. తలుపు మూసుకుంది.

లోపల పళ్ళెంలో పనిముట్లు కదిలిన చప్పుడు. "అబ్బా!" అన్న కేక, నర్సు కసురు. హెన్రిక్‌ని కుట్టినరోజు ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారో ఎడ్ముండ్‌కి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఫ్లాస్కు విప్పి, మూతలో టీ పోసి, పక్క కుర్చీ మీద పెట్టాడు. వచ్చేసరికి వాడికి కళ్ళు తిరుగుతూ ఉంటాయి. ఎడమ చేతి బరువు భుజం దాటి ఛాతీలోకి పాకింది. తల గోడకి ఆన్చాడు. నిండు బకెట్ దించినప్పటిలా ఊపిరి వదిలాడు.

విటెక్ కుంటుతూ బయటికొచ్చాడు. "అయిపోయింది పెద్దాయనా. లే, పోదాం."

ఎడ్ముండ్ కదల్లేదు. భుజం పట్టి కుదిపితే చొక్కా మడతలోంచి కాస్త ఇసుక రాలింది. విటెక్ కేకకి డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి, అతన్ని నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కింది. కాసేపటికి చేతులు తీసేసింది.

పక్క కుర్చీ మీది మూత బోర్లించి లేదు. నిండా టీ ఉంది. ఇంకా పొగలు లేస్తున్నాయి.